నూలు యంత్రకారుడు శామ్యూల్ క్రాంప్టన్

గింజలు తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, రాట్నము ముందు కూర్చుండి పోగు తీయుట ఒకనాడు మన యిండ్లలో తల్లి కూతునకు నేర్పిన పని. ఇంగ్లండు దేశమునందలి లాంకషైర్ సీమలోను సరిగా అట్లే యుండెను. అచటి పల్లెవాసులు తొలుత గొర్రె ఉన్నిని, అవిసె నారను వడకుచుండిరి; 17వ శతాబ్దినుండి దూదియు వారి యిండ్లలో ప్రవేశించెను. పిల్లలు దూది ఏకుదురు, తల్లి వడకును, తండ్రి మగ్గముపై నేయును. చలికి తొడుగుకొను అల్లిక మేజోళ్ళు మొదలుకొని సంతకు పోవు గుడ్డ వరకు అన్నిటికిని చేతి పోగే ఆధారము. పెండ్లికాని స్త్రీకి ఆంగ్లమున స్పిన్‌స్టర్ అను పేరు ఏర్పడెను. ఆ మాటకు మొదటి యర్థము నూలు వడకునది యని. ఆ పని ఆడువారి జీవితముతో ఎంతగా పెనవైచుకొని యుండెనో చెప్పుట కీ యొక్క మాట చాలును.

ఇట్టి వడుకు ఇంట పుట్టి, తల్లి యాజ్ఞపై ప్రతిదినము నూలు వడికి, ఆ పనిలోని చిక్కును తీర్చుకొనుటకై తన యింటిలోనే తన చేతులతో ఒక యంత్రమును నిర్మించినవాడు శామ్యూల్ క్రాంప్టన్. ఆ యంత్రము పెరిగి పెరిగి తుదకు ఇంటి వడుకునే తుడిచివేసెను. మన తెలుగు సీమలో రాట్నములు అటక లెక్కుటకును అది యొక ముఖ్యకారణము. కావున ఆయన చరిత్ర మన గ్రంథాలయ చదువరులకు పరాయి కథ కాజాలదు.

క్రాంప్టన్ 1753వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన బోల్టన్ పట్టణమునకు సమీపమున నున్న ఫర్‌వుడ్ ఫోల్డ్ అను చిన్న వాడలో జన్మించెను. తండ్రి జార్జి, తల్లి బెట్టీ. వారిది కొంత సేద్యము, కొంత నేత కలిసిన సంసారము. శామ్యూల్ ఐదేండ్ల వయస్సు ప్రాంతమున ఆ కుటుంబము హాల్ ఇ ద వుడ్ అను పాతకాలపు మేడలో కొంత భాగమునకు కాపురము మారెను. అడవిలోని మేడ యని ఆ పేరున కర్థము. ఒకప్పుడు కలవారు కట్టించుకొన్నదే గాని, నాటికది శిథిలావస్థలో నుండెను. అచటికి చేరిన కొలదికాలమునకే తండ్రి మరణించెను.

బెట్టీ అధైర్యపడు స్త్రీ కాదు. పొలము చూచుకొనెను, వెన్న తీసి యమ్మెను, తేనెటీగలను పెంచెను, దూది ఏకెను, వడికెను, నేసెను. కుమారుని బోల్టన్‌లోని బడికి పంపి చదివించెను. లెక్కలయందు బాలుడు మంచి తెలివి చూపెను. అయితే బడినుండి వచ్చిన పిదప రాట్నము తప్పదు. ఇంత నూలు వడికితీరవలెనని ఆమె నిర్ణయించిన కొలత ప్రతిదినము పూర్తి కావలసినదే. అదే యింట తండ్రి సోదరుడైన అలెగ్జాండర్ అను కుంటివాడు గూడ నివసించుచుండెను. ఆయన తన గది దాటి పోలేనివాడు; మగ్గమే ఆయన లోకము. ఆదివారమున దూరమునుండి చర్చి గంట వినబడగానే మంచి కోటు తొడిగికొని, తన గదిలోనే యొంటరిగా ప్రార్థన చదువుకొని, ముగిసిన పిమ్మట కోటు విప్పి దాచెడివాడట. మితభాషిత్వము, పట్టుదల, పరుల నాశ్రయింపని స్వభావము క్రాంప్టన్‌కు ఆ యింటి గాలిలోనే అబ్బినవి. అవి ఆయనకు మేలును చేసినవి, కీడును చేసినవి.

ఆ కాలమున వడుకుపనిలో నున్న చిక్కు నిచట కొంచెము వివరింపవలసియున్నది. 1733లో జాన్ కే అనునతడు ఎగురునాడెను కనిపెట్టెను. దానితో నేతగాని చేయి వేగమందుకొనెను, వడకు చేయి వెనుకబడెను. ఒక్క మగ్గమునకు చాలినంత పోగు అందించుటకు పెక్కుమంది వడకువారు కావలసివచ్చిరి. నేతగాండ్రు తెల్లవారగనే ఇల్లిల్లు తిరిగి నూలు పోగుచేసికొనుట సామాన్యమయ్యెను. ఈ కొరత తీర్చుటకు 1764 ప్రాంతమున జేమ్స్ హార్‌గ్రీవ్స్ జెన్నీ యను యంత్రమును చేసెను. ఒక్క చక్రము త్రిప్పిన ఎనిమిది కదురులు తిరుగును. కాని దాని పోగు మెత్తనిది, బలము చాలనిది; పేకకు పనికివచ్చును గాని పడుగునకు నిలువదు. 1769లో రిచర్డ్ ఆర్క్‌రైట్ మరియొక యంత్రమునకు పేటెంటు పొందెను. అందులో దూది జంటలు జంటలుగా నున్న రోలర్ల నడుమ నలిగి సాగి వచ్చును. ఆ పోగు గట్టిది. పడుగునకు, మేజోళ్ళ అల్లికకు బాగుండును. అయితే సన్నముగా రాదు. భారతదేశమునుండి ఓడలలో వచ్చు మస్లిన్ వంటి సన్నని వస్త్రమును నేయదగిన పోగు ఇంగ్లండులో ఏ యంత్రమును తీయజాలకుండెను.

పదునారేండ్ల ప్రాయమున క్రాంప్టన్ ఎనిమిది కదురుల జెన్నీపై వడకుట కారంభించెను. పోగు మాటిమాటికి తెగుచుండును. తెగినది అతుకుటకే సగము కాలము పోవును, సాయంత్రమునకు తల్లి కొలత పూర్తికాదు, చీవాట్లు తప్పవు. ఏ పెట్టుబడిదారుని ప్రోత్సాహమును లేదు, ఏ విద్యాపీఠపు శిక్షణయు లేదు. దినమున కిన్నిసార్లు పోగెందుకు తెగవలెనను విసుగే ఆయనకు గురువైనది. ఇరువదియొకటవ యేట, అనగా 1774లో పని మొదలుపెట్టి, ఐదేండ్లు దానితోనే పెనగులాడెను.

పనిముట్లు కొనుటకు ధనము లేదు. తండ్రి బ్రతికియున్న కాలమున ఆర్గన్ వాద్యము నొకదానిని కట్టబూని కొన్ని సామగ్రులు విడిచిపోయెనని చెప్పుదురు. వానితోను, ఒక మడతకత్తితోను పని సాగెను. క్రాంప్టన్‌కు ఫిడేలు వాయించుట వచ్చును. బోల్టన్ నాటకశాలలో రాత్రికి ఒకటిన్నర షిల్లింగు కూలికి ఫిడేలు వాయించి, ఆ సొమ్ముతో తక్కిన పనిముట్లు కొనెను. పగలు తల్లికొరకు నూలు, సాయంకాలము నాటకశాల, నడిరాత్రి యంత్రము. పాడుబడిన మేడలో అర్ధరాత్రి దీపము వెలుగుట, సుత్తి చప్పుళ్ళు వినబడుట గమనించి యిరుగుపొరుగువారు ఆ యింట దయ్యము తిరుగుచున్నదని తలచిరట!

ఆ యంత్రములోని కిటుకు రాట్నముపై చేయి తిప్పినవారికి సులభముగా బోధపడును. మనము వడకునప్పుడు కుడిచేయి చక్రము త్రిప్పుచుండ, ఏకు పట్టిన యెడమచేయి మెల్లగా వెనుకకు పోవుచుండును. ఆ వెనుకకు పోవుటలోనే విద్య యున్నది. పోగులో సన్ననైనచోట పురి ముందుగా ఎక్కి గట్టిపడును. లావైనచోట పురి తక్కువై మెత్తగా నుండును. ఆ స్థితిలో ఇంకను కొంచెము లాగినచో మెత్తనిచోటనే పోగు సాగి, లావు తగ్గి, అంతయు సమమగును. అధికముగా లాగిన తెగును. లాగకున్న ముడుతలు ముడుతలుగా వచ్చును. ఎంత లాగవలెనో ఏ గ్రంథమును చెప్పజాలదు, వ్రేళ్ళకే తెలియవలెను. క్రాంప్టన్ చేసినదేమనగా, వ్రేళ్ళ కున్న ఈ తెలివిని కొయ్యకు నేర్పుట. దూదిని తొలుత రోలర్ల నడుమ సాగదీసెను. కదురులను స్థిరముగా నుంచక, చక్రములుగల యొక బండిపై బిగించెను. ఆ బండి దాదాపు ఐదడుగుల దూరము వెనుకకు జరుగుచు పోగును లాగును. కదురులు తిరుగుచు పురి నెక్కించును. పిదప రోలర్లు నిలిచిపోయి పోగును పట్టియుంచగా, బండి మరికొంచెము జరిగి తుది సాగు నిచ్చును. అనంతరము బండి ముందుకు వచ్చునప్పుడు తయారైన పోగు కదురులకు చుట్టుకొనును. మొదటి యంత్రమున 48 కదురులుండెను. వడకు మనిషి యెడమచేయి నలువదియెనిమిది రెట్లు అయ్యెనన్నమాట.

రోలర్లు ఆర్క్‌రైట్ యంత్రమును, తిరుగు కదురులు జెన్నీని పోలియుండుటచే, గుఱ్ఱమునకు గాడిదకు పుట్టిన కంచరగాడిద పేరిట జనులు దీనికి మ్యూల్ అని పేరు పెట్టిరి. మొదట మాత్రము మస్లిన్ రాట్నమనియు, హాల్ ఇ ద వుడ్ రాట్నమనియు పిలిచిరి. నా మట్టుకు ఆ పాత పేర్లే యుచితముగా తోచుచున్నవి. అది యంత్రశాలలో పుట్టినది కాదు. ఇంటిలో, ఇంటికొరకు పుట్టిన రాట్నమే.

1779లో యంత్రము సిద్ధమగు నాటికే లాంకషైర్‌లో అల్లరులు చెలరేగెను. పెద్ద యంత్రములు తమ కూడు తీసివేయుచున్నవను కోపముతో కూలిజనులు గుంపులుగా వచ్చి ఎక్కువ కదురులున్న జెన్నీలను విరుగగొట్టుచుండిరి. క్రాంప్టన్ తన యంత్రమును భాగములుగా విప్పి అటకపై దాచి, అల్లరి చల్లారిన పిమ్మట దింపుకొనెను. ఆ గుంపులను కేవలము మూఢులని నిందించుట నాకు సమ్మతము కాదు. తరువాత నేమి జరిగెనో చూచినవారికి వారి భయము నిరాధారమని తోచదు.

1780 ఫిబ్రవరిలో ఆయన మేరీ పిమ్లాట్ అను యువతిని వివాహమాడెను. ఆమెయు వడుకులో నేర్పరి. దంపతులిరువురు మేడ ప్రక్క నున్న చిన్న యింటిలో కాపురముండి, ఎవరికిని తెలియకుండ ఆ యంత్రముపై నూలు తీసిరి. వారి పెద్దకుమారుడు జార్జి తన శైశవమును గురించి చెప్పిన యొక విషయము నాటి యింటి వడుకును కన్నులకు కట్టించును. తల్లి దూదిని తీగల జల్లెడపై పరచి బెత్తములతో కొట్టి, లోతైన తొట్టిలో చిక్కని సబ్బునీటిలో వేసి, నడుచుట కప్పుడే నేర్చుచున్న పిల్లవానిని ఆ తొట్టిలో దింపి దూదిని త్రొక్కించెడిదట. తొట్టి నిండినకొలది బాలుడు పైకి తేలివచ్చెడివాడు. ప్రపంచపు నూలు వర్తకమును తారుమారు చేసిన సూక్ష్మతంతువునకు ముడిసరుకు సిద్ధపరచినవి ఆ చిన్ని పాదములు!

ఆ నూలు సంతలో కనబడగనే వర్తకులు నివ్వెరపోయిరి. 40వ నంబరు నూలు పౌనునకు 14 షిల్లింగులు, 60వ నంబరునకు 25 షిల్లింగులు ధర పలికెను. అసాధ్యము కాదని చూపుటకు కొంచెముగా వడికిన 80వ నంబరునకు 42 షిల్లింగులు ముట్టెను. 840 గజముల చిలపలు ఒక పౌను బరువునకు ఎన్ని తూగునో అదియే నంబరు. కనుక 80వ నంబరన పౌను దూదినుండి 67,200 గజముల పోగు, అనగా 38 మైళ్ళకు పైబడిన దారము.

గుట్టు ఎంతకాలము దాగును? ఊరూరినుండి వర్తకులు, యంత్రకారులు ఆ యింటిని చుట్టుముట్టిరి. నిచ్చెనలు వేసి కిటికీలలోనికి తొంగిచూచినవారును, గోడలకు రంధ్రములు చేసినవారును గలరట. పేటెంటు పొందుటకు క్రాంప్టన్ వద్ద ధనము లేదు. పైగా రోలర్లపై ఆర్క్‌రైట్ హక్కు అప్పటికి చెల్లుచునే యుండెను. యంత్రమును తానే విరుగగొట్టుటయో, లోకమున కిచ్చివేయుటయో తప్ప ఆయనకు దారి కానరాలేదు. యంత్రమును బహిరంగపరచినచో చందాలు వేసి ప్రతిఫల మిత్తుమని వర్తకులు సుమారు 80 మంది వ్రాతపూర్వకముగా సంతకములు చేసిరి. ఆయన నమ్మి యంత్రమును చూపెను. చూచిన తరువాత వచ్చిన సొమ్ము సుమారు 60 పౌండ్లు. మరియొక యంత్రము కట్టుకొనుటకు మాత్రమే అది సరిపోయెను. సంతకము చేసినవారిలో కొందరు ఒక్క గిన్నీ గూడ నీయక, అడుగబోయిన ఆయననే దూషించిరి.

క్రాంప్టన్‌కు వ్యవహారజ్ఞానము లేదని వ్రాసిన చరిత్రకారులున్నారు. నిజమే కావచ్చును. కాని ఆడినమాట తప్పినవారికి వ్యవహారజ్ఞాన మున్నదని మెచ్చుకొనుట యెట్లో నాకు తెలియదు. రాబర్ట్ పీల్ అను గొప్ప వర్తకుడు, తరువాతి ప్రధానమంత్రికి తండ్రి, ఆయనను తన వ్యాపారములో చేరుమని కోరెను. క్రాంప్టన్ నిరాకరించెను. పిమ్మట దూది ఏకు యంత్రము నొకదానిని కల్పించి, ఇదియు వారిపాలు గానీయనని గొడ్డలితో తానే ముక్కలు చేసెనని చెప్పుదురు. పనివాండ్రను పెట్టుకొని నేర్పిన, నేర్చినవెంటనే ఇతరులు హెచ్చు కూలి చూపి లాగికొనిపోయెడివారు. తుదకు తన బిడ్డలతోనే పని నడుపుకొనెను. 1796లో మేరీ మరణించెను. పిల్లలందరి భారమును ఆయనపై బడెను.

ఈలోపల మ్యూల్ ఇంటి గడప దాటెను. 1790 ప్రాంతమున స్కాట్లండులో దానిని నీటిచక్రముతో త్రిప్పిరి. పిదప ఆవిరియంత్రము వచ్చెను. కదురులు వందలకు పెరిగెను. అంత పెద్ద బండిని త్రోయుటకు కండబలము కావలసివచ్చెను గావున, తరతరముల ఆడువారి విద్య మగవారి ఉద్యోగమైపోయెను. తెగిన పోగులు అతుకుటకు చిన్నపిల్లలు కదలు బండి సందుననే పనిచేయవలసివచ్చెను. ఏకు మేకయినదని మనవారనుట యిట్టి సందర్భమునకే కాబోలు!

1811లో క్రాంప్టన్ వస్త్రపరిశ్రమ గల సీమలు స్వయముగా తిరిగి లెక్క తీసెను. మ్యూల్ కదురులు 40 లక్షలకు మించియుండెను. ఆర్క్‌రైట్ విధానపు కదురులు సుమారు మూడు లక్షలు, జెన్నీలవి లక్షన్నర. ఈ లెక్క చేతబట్టుకొని పార్లమెంటునకు మహజరు పెట్టి, నెలల తరబడి లండనులో నిరీక్షించెను. ప్రధానమంత్రి స్పెన్సర్ పెర్సివల్ ఆయనయెడ అనుకూలుడు. 20,000 పౌండ్లు ప్రతిపాదింపనున్నాడని వాడుక. 1812 మే 11వ తేదీన పెర్సివల్ కామన్సు సభ వసారాలో అడుగిడినంతనే బెల్లింగ్‌హామ్ అనువాడు తుపాకితో కాల్చి చంపెను. ఆ సమయమున క్రాంప్టన్ అచటనే సమీపమున వేచియుండెనని చెప్పుదురు. తరువాతి నెలలో సభ ఆయనకు 5,000 పౌండ్లు మంజూరు చేసెను. నలువది లక్షల కదురుల తండ్రికి కదురునకు కానీ చొప్పున లెక్కించినను అంతకంటె రాదా యని అడుగబుద్ధి యగును. నిజమునకు లెక్కవేసిన ఆ కానీ లెక్కయు, ఆ 5,000 పౌండ్లును దాదాపు సరిపోవును.

ఆ సొమ్ముతో చేసిన చలువబట్టల వ్యాపారము, ఇతర వ్యాపారములు నష్టపడెను. వృద్ధాప్యమున మిత్రులు చందాలు వేసి, ఏటా 63 పౌండ్లు వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. 1827 జూన్ 26వ తేదీన బోల్టన్‌లో తన స్వగృహమున క్రాంప్టన్ కన్నుమూసెను. వయస్సు 73.

ఆయన పోయిన తరువాతనే మ్యూల్ కథలోని పెద్దభాగము నడిచెను. రిచర్డ్ రాబర్ట్స్ దానిని మనిషి త్రోయనక్కరలేకుండ తనంత తానే నడచునట్లు చేసెను. గొర్రె ఉన్ని వడుకునకును మ్యూల్ అలవడి, ఆ పరిశ్రమలో 20వ శతాబ్దమునను నిలిచియుండెను. లాంకషైర్ నూలు ఓడల కెక్కి మన రేవులకు వచ్చెను. అంతకుపూర్వము సన్నని బట్టను మననుండి కొన్నవారే మనకు నూలు అమ్మువారైరి. మన సాలెవారు మగ్గము విడువలేదు. మరనూలు కొని నేసిరి. రాట్నము ముందు కూర్చుండిన స్త్రీలకు మాత్రము ఆ చిల్లర రాబడి నిలిచిపోయెను. విధవలకు, వృద్ధులకు, పనులు లేని దినములలో బీదయిండ్లకు అదియే యాధారముగా నుండినది. మగ్గమునకు కలిగిన నష్టము గూర్చి చరిత్రలలో వ్రాసినంతగా రాట్నమునకు కలిగిన నష్టమును గూర్చి వ్రాయరు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి, అచటి దూది రాక నిలిచి, లాంకషైర్ మిల్లులు మూతబడెను. అప్పుడు వారి చూపు మన దూదిపై బడెను. గుంటూరు సీమ దూది కాకినాడ రేవునుండి తరలిపోయి, ఆ రేవునకు వైభవము తెచ్చెను. విపణిలో ఆ దూదికి కోకనాడ దూది యనియే పేరు నిలిచెను. 1921 మార్చి, ఏప్రిల్ సంధిలో బెజవాడయందు సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము ఇరువది లక్షల రాట్నములు త్రిప్పింపవలెనని తీర్మానించెను. క్రాంప్టన్ పేరు ఆ సభలో తలచినవారుండిరో లేరో గాని, ఆ తీర్మానము ఆయన యంత్రమునకు నూటనలువది సంవత్సరముల తరువాత పుట్టిన జవాబు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేటికిని కొలదిమంది స్త్రీలు వాలుగచేప దవడ యెముకతో దూదిని దువ్వి, నూరవ నంబరు నూలును చేతితో వడకుచున్నారు. క్రాంప్టన్ చూపిన 80వ నంబరుకంటె అది సన్నని పోగు.

బోల్టన్ ప్రజలు 1862లో క్రాంప్టన్ లోహవిగ్రహమును నెలకొల్పిరి. అది దూది రాక మిల్లులు మూతబడి కార్మికులు పస్తులున్న సంవత్సరమే. హాల్ ఇ ద వుడ్ మేడను విలియం లీవర్ కొని, బాగుచేయించి, ఆ పట్టణమునకు దానమిచ్చెను; 1902లో అది ప్రదర్శనశాల అయ్యెను. ఆయన మొదటి యంత్రము నేడు లేదు. పిమ్మట ఆయన కట్టిన మ్యూల్ ఒక్కటి మాత్రము బోల్టన్ మ్యూజియములో భద్రముగా నున్నది.